బెర్న గుంటకి ఎవరి ఎద్దు?

గుంట తవ్వడం అయిపోయింది, ఎద్దు సంగతే తేలలేదు. పోయినవాడు ఊరి పెద్ద బెర్న. కాళ్ళ దగ్గర ఎద్దు తల పెట్టకుండా పై లోకానికి పంపితే పరువేం కాను? బెర్న భార్య టాటే తన మరిది ఊఫాని అతని ఎద్దు ఇమ్మని అడిగింది.

"వదినా, నా బ్రూన్‌ని మాత్రం అడక్కు. నాకున్నది ఆ ఒక్క ఎద్దేనని కాదు, అది మామూలు ఎద్దు కాదు. డుడ్డా, ఆ తాగే కొమ్ములో కాస్త బార్లీ కల్లు పొయ్యి, చెబుతాను. పోయిన చలికాలం మఠం పొలం దున్నుతుంటే ఓ సన్యాసి గట్టు మీద ఆగి, నీ ఎద్దు మొహంలో కళ ఉందయ్యా అన్నాడు. సువార్త పుస్తకంలో లూకా గారి గుర్తు ఎద్దేనట, ఆయన పేజీకి ఆ బొమ్మ గీయాలట. గీసుకోమన్నాను."

"పుస్తకం రాసుకోడానికి దాని తోలు కూడా అడిగుంటాడే" అన్నాడు ఇంటి పాలేరు డుడ్డా, కల్లు పోస్తూ.

"అడిగాడు. బ్రూన్ ఒక్క చూపు చూసింది, ఆయన మళ్ళీ తోలు మాట ఎత్తలేదు. ఇక బొమ్మ కోసం నిలబడిందయ్యా, మంచు పడ్డా కదల్లేదు. వీపు మీద పిచ్చుక గూడు కట్టి పిల్లల్ని చేసినా తోక ఆడించలేదు. లూకా గారి ఎద్దుకి రెక్కలుంటాయిగా, సన్యాసి అవీ మొదలెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడ తోలు మీద ఈక గీస్తుంటే ఇక్కడ దీని భుజం మీద ఈక మొలుస్తోంది."

"మాకెప్పుడూ కనపడలేదే?" అన్నాడు డుడ్డా.

"కాడి కింద మడిచి దాచుకుంటుంది, సిగ్గెక్కువ. ఓ పొద్దున నన్నెక్కించుకుని సముద్రం దాటి రోమాపురిలో దిగింది. పెద్ద బిషప్పు గారు అన్నం ముందు నుంచి లేచొచ్చి ఎంగిలి చేత్తోనే దణ్ణం పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు దాహమేసి ఓ మబ్బుని మొత్తం తాగేసింది, ఈ ఏడు మనకి వానల్లేనిది అందుకే. అలాంటిదాన్ని నరికి గుంటలో పెడితే ఊరంతటికీ పాపం చుట్టుకుంటుంది. నాకేం, మీ మంచికే చెబుతున్నాను."

టాటే కళ్ళు తుడుచుకుంది.

"నిజమే మరిదీ. ఎగిరే ఎద్దు ఊళ్ళో ఉండగా మా ఆయన్ని అంత దూరం నడిపించడం ఎందుకు? డుడ్డా, తాడు తీసుకెళ్ళి బ్రూన్‌ని తోలుకురా."

ఊఫా చేతిలో కల్లు ఒలికిపోయింది.

"వదినా, అది ముసలిది. ఒక కాలు కుంటి కూడా."

"రెక్కలున్నదానికి కాళ్ళతో పనేముందిలే" అంది టాటే.