మార్వా చీటీ

అమెరికాలోని డలూత్‌లో, సరస్సు వైపు కిటికీ ఉన్న వంటగది. డిటెక్టివ్ నవలలు రాసే భర్త స్టూలెక్కి, కొత్త నవలలోని పాత్రల వివరాలు రాసిన చీటీలు గోడకు అంటిస్తున్నాడు. ఆయన రాతలో తప్పులన్నీ ఇన్నేళ్లూ పట్టిన భార్య, జుట్టు లేని తలకు గుడ్డ చుట్టుకుని, కుర్చీలోంచి చూస్తోంది.

“మీ డిటెక్టివ్ ఎల్డన్‌కి దెబ్బ కుడి మోకాలికని రాశావేం? తూటా తగిలింది ఎడమ మోకాలికి కదా!”

“ఎడమా?”

“మూడో పుస్తకంలో నువ్వే కాల్పించావు. మర్చిపోతే చదివేవాళ్లు ఊరుకుంటారా?”

“సరే తల్లీ, మార్చాను.”

“ఎల్డన్ కుక్క ఉందా?”

“ఉంది. ముసలిదే గానీ, చంపడానికి మనసొప్పలేదు.”

“మరి మార్వా చీటీ ఏది?”

“ఈసారి ఆవిడకి పెద్దగా పని లేదులే.”

“ఎల్డన్ పెళ్లానికి పని లేకపోవడమేంటి? అతనికి వండిపెట్టేదెవరు?”

“తనే వండుకుంటాడు.”

“ఓహో. ఎప్పుడు పోయింది?”

“పోయిన పుస్తకానికీ దీనికీ మధ్యలో. అది నేను రాయలేను.”

“రాయకు. నెల మాత్రం వేసుకో. లేకపోతే ఒకచోట ఎండాకాలం పోయిందంటావు, ఇంకోచోట చలికాలమంటావు. అప్పుడు పట్టుకోవడానికి నేనుండను.”

“ఏ నెల వెయ్యమంటావ్?”

“మంచు కరిగేలోపే అన్నాడుగా డాక్టరు. మార్చి వెయ్యి.”

“పెన్సిలుతో వేస్తాలే.”

“పెన్నుతో వెయ్యి. పెన్సిలుతో వేస్తే రోజూ చెరుపుతూ కూర్చుంటావు, పుస్తకం ముందుకి కదలదు.”