మొదటి అపాయింట్‌మెంట్

అమెరికాలోని నేపర్‌విల్‌లో, పెళ్లై రెండు నెలలు నిండని ఆమె ఫోన్‌లో మెయిల్ చూసి అట్లకాడతోనే గంతేసింది.

"మా యూనివర్సిటీలో ట్యూటర్ జాబ్ వచ్చింది! ఫైనాన్స్‌లో వెనకబడ్డవాళ్లకి ఇక నేనే చెప్పాలి!"

"కంగ్రాట్స్ బంగారం! దోసె మాడుతోంది," అన్నాడు భర్త.

"మాడనీ. మొదటి అపాయింట్‌మెంట్ ఎవరిదో తెలుసా? నిశాంత్‌ది!"

"గ్రూప్ ప్రాజెక్ట్‌లో నువ్వు చేసిన కంపెనీ వాల్యుయేషన్ తనదని చెప్పుకున్నవాడా?"

"వాడే. 'తను స్లైడ్లకి రంగులేసింది' అని ప్రొఫెసర్ ముందు నవ్వాడు. వాడికి 'ఏ' గ్రేడు, నాకు 'సీ'. ఇప్పుడు మిడ్‌టర్మ్ ఫెయిలయ్యాడట."

"కుదరదని మెయిల్ పెట్టేస్తావా?"

"అంత తేలిగ్గా వదులుతానా? రేపు పదింటికి అదే వాల్యుయేషన్ బోర్డు మీద మొదటినుంచీ వాడిచేతే చేయిస్తా."

"మరి నువ్వు?"

"పక్కన కూర్చుని రంగు మార్కర్లు అందిస్తా."