పదమూడో నంబరు గుమ్మానికి చిలకల తెర

“పదమూడో నంబరు తప్ప క్వార్టర్లన్నిటికీ సున్నం. గుమ్మాలకి కొత్త నంబర్లు. కాలవలు తీయించడం. షెడ్డులో పాత కర్ర అచ్చులు కడిగించడం. ఇంకా...”

“ఆగరా. పదమూడు నా ఇల్లు కదా? తప్పేటి?”

అది 1968. బట్టల మిల్లు కాలనీకి పాతికేళ్ల పండగ దగ్గరపడింది. వెల్ఫేరు గుమాస్తా అప్పలసూరి కాగితం పట్టుకుని దేముడమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

“చెప్తానత్తా. ముందు ఈ తెర... మావ కొట్టిన అచ్చేనా?”

“మరెవుడిది? నాలుగో వరసలో సిలకని సూడు.”

“తలకిందులుగా ఉంది!”

“ఆ దినం మీ మావకి జొరం. అచ్చు తిరగేసి కొట్టీసినాడు. ఆ గుడ్డ తాను అమ్మకానికి పనికిరాదని మేనేజరు కాలనీకి పంచీమన్నాడు. అరవై గుమ్మాలకీ అదే తెర. కొళాయి కాడ ఆడోళ్లు, ‘మీ ఆయన సిలక మా ఇంట్లోనూ పిల్లిమొగ్గేసిందే’ అని ఒకటే నవ్వు. ఇప్పుడెవులున్నారు నవ్వడానికి?”

“మావ పోయి మూడేళ్లయిందా?”

“నాలుగు. గాలికి తెర కదిలితే షిఫ్టు దిగి వొచ్చినాడనుకుంటాను. ఒక్కోపాలి కాళ్లకి నీళ్లు కూడా ముంచీస్తాను. సరే, నీకీ తెర కావాలా? పట్టుకుపో. పండగయ్యాక తెచ్చిచ్చీ.”

“తియ్యక్కర్లేదు. ఇక్కడే ఉండాలంట.”

“ఇక్కడుంటే ఎవులు సూస్తారు?”

“అందరూ. కాలనీకి మొదట వచ్చినవాళ్లు ఎలా బతికారో చూపించడానికి ఈ ఇల్లు ఉన్నదున్నట్టు ఉంచుతారంట. పొయ్యి, ఉట్టి, తెర... అన్నీ.”

“మంచిదే. వొచ్చినోళ్లకి మజ్జిగిస్తాను.”

“అత్తా...”

“ఏటి?”

“ఇంట్లో మనుషులుండకూడదంట.”

“ఎప్పటికి?”

“ఆదివారానికి. మావ పోయాక ఈ ఇంటి నుంచి మిల్లు మస్టర్లో, అదే హాజరుపట్టీలో, ఎవరి పేరూ లేదు కదా అన్నారు ఆఫీసులో. నేనడిగాను. రెండుసార్లడిగాను.”

“మూడోసారి అడక్కు, ఉజ్జోగం పోతాది. మీ నాన్న బస్తాలు మోసి సదివించినాడు నిన్ను.”

“ఎక్కడికెళ్తావు?”

“నరసన్నపేటలో మా సెల్లెలి కొడుకున్నాడు. ఉన్నాడనే అనుకుంటన్నాను. ఒరే సూరీ, తెర పక్కన కార్డేదైనా పెడతారేటి?”

“పెడతారు. నేనే రాస్తాను.”

“అయితే రాయి. ఈ అచ్చు కొట్టినోడు దాలయ్య, సూసినోళ్లు ఒకపాలి ఆయన్ని తలుసుకోండి అని.”

“నీ పేరు కూడా రాస్తానత్తా.”

“వొద్దు నాయనా. అది సదివి, ‘ఆవిడేదీ?’ అని ఎవులైనా అడిగితే, ఈ గుమ్మంలో నిలబడి నువ్వేటి సెప్తావు?”