గాలి తగిలితే

వరంగల్ దవాఖానలో ఆపరేషన్ థియేటర్ ముందు అన్న చెల్లెలి స్ట్రెచర్‌ను పట్టుకుని ఆపేశాడు.

"లే చెల్లె, మనూరు నెక్కొండకు పోదాం. కేన్సర్ గడ్డకు గాలి తగిల్తే ఒళ్లంత పాకుతదట."

"నా గడ్డ యాడున్నది అన్నా?"

"ఊపిరితిత్తుల."

"మరి పుట్టినకాన్నుంచి అండ్ల ఉన్నది గాలి గాక పచ్చిపులుసా?"

"నవ్వులాట గాదు. ఛాతి చీరుతరు."

"చీరరు. మూడు చిన్న బొక్కలు పెట్టి, కెమెరాల చూసుకుంట గడ్డున్న ముక్క తీస్తరు."

"నీకేమన్న అయితే?"

"వదినె రొమ్ముల గడ్డకు కత్తి తగలనియ్యకపోతివి. బతికిందా?"

ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. అయినా చూపు దించలేదు.

"జరుగు అన్నా. లేకుంటే నువ్వే తొయ్యి."

కాసేపటికి స్ట్రెచర్ కదిలింది. తోస్తున్నది అన్నే, తలుపు వైపే.