ఎడమపక్క చోటు

ఏంటమ్మడూ, మీ తాతయ్య గురించా? సరే, కూర్చో. ఈ ఊళ్లో నేను చూసినన్ని ఫుట్‌బాల్ ఆటలు చూసిన మొనగాడు ఇంకోడు పుట్టలేదు, రాసిపెట్టుకో. అంటే, చూశానంటే, బంతిని కాదులే. మా అన్నయ్యని. మీ తాత ఇంట్లో మాటకి మహా పిసినారి. "కూరలో ఉప్పు సరిపోయిందా" అని మీ నానమ్మ అడిగితే తల ఊపేవాడు, అది అవునో కాదో ఆవిడే కనిపెట్టుకోవాలి. అలాంటి మనిషి ఆదివారం స్టేడియం మెట్లెక్కితే పూనకమే. అక్కడ మెట్ల మీద జనానికొక కట్టుబాటుండేది. మన జట్టు గోల్ కొడితే ఎడమపక్కవాణ్ణి కావలించుకోవాలి. మొహం చూసి ఎంచుకోకూడదు, డాక్టరైనా సరే, చేపలమ్మేవాడైనా సరే. మెట్లన్నీ కలిసి ఒక్క ఒళ్లయిపోయేవి. నేనా? నాకూ ఆయనకీ అప్పటికి మాటల్లేవు. మా నాన్న వదిలిన కుట్టుకొట్టు ఒకటే, చెరో సగం, మధ్యలో చెక్క అడ్డం. ఎందుకంటే, నవ్వకు, నేను ఎదుటి జట్టుకి చొక్కాలు కుట్టాను. బట్ట బట్టే కదా అనుకున్నా. "ఆ రంగు దారం మన గుమ్మం ఎలా దాటిందిరా" అన్నాడు. అదే ఆఖరు. ఆపైన ఆయన మిషను చప్పుడు నాకు, నా దగ్గు ఆయనకి. దగ్గంటే గుర్తొచ్చింది, ఆ కిటికీ వెయ్యి తల్లీ, చలిగాలి.

ఆఁ. అందుకని ప్రతి ఆటకీ వెళ్లి, జనంలో జరుగుతూ జరుగుతూ ఆయన ఎడమపక్క దూరేవాణ్ణి. ఆయన మెడ తిప్పితే ఒట్టు. మన జట్టు గోల్ కొడితే ఒట్టు. చివరికి ఓరోజు కొట్టారు. మీ తాత నన్ను ఎముకలు విరిగేలా పట్టుకుని, "కొట్టేశాంరా, కొట్టేశాం" అని నా భుజం మీద ఏడుస్తున్నాడు. నేనని తెలిసే అన్నాడో, తెలియకే అన్నాడో. ఈలోగా రిఫరీ చెయ్యి అడ్డంగా ఊపాడు, చెల్లదట. అందరి చేతులూ ఒక్కసారే జారిపోయాయి. మీ తాత వెనక్కి జరిగి, నా మొహం చూసి, చొక్కా సర్దుకుని, "గోల్ కాదటండీ" అన్నాడు. అండీ అన్నాడమ్మా, సొంత తమ్ముణ్ణి. తర్వాతి ఆటకి మనిషే లేడు, ఆయన గుండె ఆగిపోయింది. కొట్లో ఆ అడ్డచెక్క నేనే ఊడదీశాను, ఎవరికోసమో మరి.

ఇప్పటికీ వెళ్తుంటాను. మీ నాన్నకి చెప్పకు, మందుల షాపుకని బయల్దేరతాను. ఏ జట్టు కొట్టేలా ఉంటే ఆ వైపు మెట్ల మీదకి మారిపోతాను, రంగు చూడను. మొన్న గోల్ పడితే పక్కనున్న మీసాలాయన నన్ను వాటేసుకున్నాడు. ఆట మళ్లీ మొదలైంది, ఆయన వదిలేశాడు. నేను వదల్లేదమ్మా. ఇద్దరొచ్చి విడదీయాల్సొచ్చింది.