రెండో చరణం

"కాస్త గట్టిగా మాట్లాడవే, ఏమీ వినబడట్లేదు."

"ఇంతకంటే గట్టిగా అంటే అరవాలండీ. పక్కావిడ మొగుడితో పోట్లాడుతోంది, చూస్తున్నారుగా."

జైలు ములాఖత్ గది. మధ్యలో రెండు వరసల ఇనప జాలి, అటు మున్సిపాలిటీలో తాగునీళ్లు పరీక్ష చేసే భర్త, ఇటు భార్య, గుమ్మం దగ్గర స్టూలు మీద వార్డరు. ఆమె ఇంటి దగ్గర గట్టిగా అనుకుని వచ్చిన మాట ఒకటుంది, అది ఇంకా బయటపెట్టలేదు.

"పాప ఎలా ఉంది?"

"బాగుంది."

"తీసుకురాలేదేం?"

"బడి ఉంది కదా."

"పోయినసారీ బడే అన్నావ్."

"పోయినసారీ బడే ఉంది మరి. మీరేంటి ఇలా చిక్కిపోయారు? అన్నం తింటున్నారా, పారేస్తున్నారా?"

"మాట మార్చకు."

"మార్చట్లేదండీ, అడుగుతున్నా. అడగకూడదా?"

"అడుగు. కానీ నా మొహం చూసి అడుగు. ఇందాకట్నుంచీ ఆ జాలితో మాట్లాడుతున్నావ్."

"మున్సిపల్ చైర్మన్ మనిషి ఇంటికొచ్చాడు."

"ఎవడు?"

"వాడే, తెల్ల చొక్కా. చెప్పులు బయట విప్పి మరీ లోపలికొచ్చాడు. ఎంత మర్యాదో! 'అమ్మా' అనకుండా మాట మొదలుపెట్టడు."

"ఏమన్నాడు?"

"మీరు సరే అంటే చాలట. జైలరు గారితో ఒక్క మాట. వాళ్లే విలేకరుల్ని పంపిస్తారట. 'ట్యాంకు నీళ్లు బాగానే ఉన్నాయి, పరీక్ష చెయ్యడంలో నేనే పొరపాటు పడ్డాను' అని మీరు వాళ్ల ముందు చెప్తే, మీ మీద పెట్టిన పైపుల దొంగతనం కేసు ఎత్తేస్తారట."

"నేను పొరపాటు పడ్డానా? చేసిన పరీక్షే మళ్లీ మళ్లీ చేశానే! ఆ చైర్మన్ తన రంగుల ఫ్యాక్టరీ మురికంతా తెచ్చి కాలవలో కలుపుతుంటే, ఆ కాలవ నీళ్లే ట్యాంకులోకి ఎక్కుతుంటే..."

"మెల్లగా అనండి."

"ఇందాక అరవాలన్నావుగా!"

"ఈ మాట కాదు."

"ఇద్దరు మోస్తే గానీ కదలని పైపులే అవి. మన పెరట్లో దొరికాయట. సంచిలో వేసుకొచ్చానా నేను?"

"నాకు చెప్తే ఏం లాభమండీ? నాకు తెలీదా? జడ్జి గారు వాయిదా మీద వాయిదా వేస్తున్నారు. మన లాయరు నన్ను చూస్తే ఫోను చెవి దగ్గర పెట్టుకుని లేచిపోతున్నాడు. అటువైపు ఎవరూ లేరు ఆ ఫోన్లో, నాకు తెలుసు."

"పాస్టరు గారేమంటున్నారు?"

"ప్రార్థన చేస్తున్నారు."

"అంతేనా?"

"చర్చికి కొత్త రేకులు వేయించింది చైర్మనే కదండీ. ఇప్పుడు లోపల వాన కురవట్లేదు."

"అంటే?"

"అంటే ఏం లేదు. కొన్నాళ్లు పాటల క్వయర్‌లో ముందు నిలబడొద్దన్నారు. వెనక బెంచీలో కూర్చోమన్నారు. అందరూ నన్నే చూస్తుంటే ఆరాధనకి ఇబ్బందిగా ఉంటుందట."

"ఆ క్వయర్ పెట్టిందే నువ్వు కదే!"

"పెట్టాను. తల్లులకీ పిల్లలకీ పాటలన్నీ నేనే నేర్పాను. ఇప్పుడు వీధిలో ఆ పిల్లలు నన్ను చూసి నవ్వబోతే తల్లులు చెయ్యి పట్టి లాక్కుపోతున్నారు. వాళ్ల తప్పేముంది లెండి. ఒకరి మొగుడు మున్సిపల్ ఆఫీసులో, ఇంకొకరి మొగుడు ఆ ఫ్యాక్టరీలోనే. ఎవరి పొయ్యి వాళ్లకి వెలగాలిగా."

"తొందరగా కానివ్వండమ్మా, టైము దగ్గర పడింది."

"అయిపోతుంది వార్డరన్నా, ఒక్క మాట... ఏమండీ, సరే అనండి."

"ఏంటీ?"

"సరే అనండి. మీ కాళ్లు పట్టుకుంటా. ఈ జాలి లేకపోతే నిజంగానే పట్టుకునేదాన్ని."

"నువ్వేనా ఈ మాట అంటోంది? 'దేవుడు చూస్తున్నాడండీ, ఉన్నది ఉన్నట్టే రాయండి' అన్నది ఎవరు?"

"నేనే. అప్పుడు అన్నాను. అప్పుడు నాకు ప్రార్థన వచ్చేది. ఇప్పుడు మోకరిస్తే ఒక్క మాట రావట్లేదండీ. ఆమెన్ అనేసి లేచిపోతున్నా. ముందేమీ లేకుండా ఉత్త ఆమెన్."

"నాకూ అంతే. మన మొర ఆయన వింటున్నాడో లేదో... సరే. నువ్వన్నట్టే కానీ. చెప్తాను. నీళ్లు బాగున్నాయి, నాకే బుద్ధి లేదు అంటాను. వార్డరు గారూ, జైలరు గారు లోపలున్నారా?"

"ఉన్నారు. ఏం చెప్పమంటావ్?"

"చెప్పండి, నేను... ఒక్క నిమిషం. ఒక్కటే బాధగా ఉందే. వాళ్లకి మొహం ఎలా చూపించను?"

"ఎవరికి?"

"మనవాళ్లకి. మొన్న ఆదివారం అంతమంది వచ్చి పాడి వెళ్లారుగా."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి? ఈ గోడ బయట. అంతకుముందు వారాల్లో నువ్వొక్కదానివే పాడేదానివి."

"నేను పాడేది... మీకు వినబడేదా? గోడ అంత ఎత్తుంది, గాలికి పాడుతున్నాననుకున్నా."

"వినబడకపోవడమేంటి? మా బ్యారక్‌లో గొలుసుల దొంగ ఒకడున్నాడు. ఆదివారం అందరికంటే ముందు వాడే పోయి గోడకి చెవి ఆనించి కూర్చుంటాడు. ఎవడైనా దగ్గితే వాడి నోరు మూస్తాడు."

"నేనని ఎలా తెలిసింది?"

"ఆ పాటలో మొదటి చరణం నుంచి మూడో చరణానికి దూకేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. పెళ్లైనప్పట్నుంచీ చూస్తున్నా, రెండోది ఎగ్గొట్టేస్తావ్."

"అది మరీ పైకి వెళ్తుందండీ. నా గొంతు అందదు."

"అందకపోతే ఎగ్గొట్టడమేనా? అసలు చరణమే అది. సింహాసనం ఎక్కినవాడు కూడా ఏదో రోజు పగిలే మట్టి కుండేనని ఉంటుంది అందులో. సరేలే. మొన్న మాత్రం బోలెడు గొంతులు. మధ్యలో నీ గొంతు వెతుక్కున్నా, దొరకలేదు. అంతమందిలో కలిసిపోయావనుకున్నా. ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నానే."

"ఏమండీ."

"ఊఁ."

"మొన్న ఆదివారం నేను రాలేదు."

"రాకపోవడమేంటి?"

"రాలేదండీ. పాప ఆసుపత్రిలో ఉంది."

"ఏంటీ?"

"కంగారు పడకండి. ఇప్పుడు ఫర్వాలేదు. గండం గడిచిందన్నారు. పొద్దున పాలు తాగింది, అక్క దగ్గరుంది. ఆదివారమంతా సెలైన్ ఎక్కుతుంటే దాని చెయ్యి కదలకుండా పట్టుకుని కూర్చున్నా. వాంతులండీ, ఆగని వాంతులు."

"బడి అన్నావ్!"

"మరేం చెప్పను? లోపల ఉండి మీరేం చేయగలరు?"

"ఆ నీళ్లేనా?"

"కాచే పోశానండీ. రోజూ కాచే పోశాను."

"కాస్తే పోదే ఆ రంగుల మందు! అదే రాశాను నేను, అదే... దేవా."

"అందుకే సరే అనమన్నా. మీరు బయటికొస్తే ఎక్కడికైనా పోదాం, వేరే నీళ్లు తాగుదాం అనుకున్నా. ఆ వార్డులో మన పాప ఒక్కతే కాదు. క్వయర్ పిల్లలే నలుగురున్నారు, పక్కపక్క మంచాల మీద. వాళ్ల తల్లులు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒకావిడ మాత్రం, నేను కూర్చునే కునుకు తీస్తుంటే, దుప్పటి కప్పి వెళ్లింది. కళ్లు తెరిచేసరికి అటు తిరిగేసింది."

"మరి ఆదివారం పాడిందెవరు?"

"వేరే చర్చి వాళ్లేమో. జైలు ప్రార్థన కూటాలకి వస్తారు కదా."

"వాళ్లు లోపలికొచ్చి పాడతారు. గోడకి పాడరు."

"నేనే ఉన్నానమ్మా ఆ రోజు గేటు దగ్గర."

"ఎవరు వార్డరన్నా వాళ్లు?"

"ఎవరని చెప్పను? ఆడవాళ్లే ఎక్కువ. చెట్ల వెనక, ఎవరికీ కనబడకూడదన్నట్టు నిలబడ్డారు. లోపలికి వెళ్తారా అంటే వద్దన్నారు. పేర్లు అడిగితే చెప్పలేదు. పాడారు, కళ్లు తుడుచుకున్నారు, ఎవరి దారిన వాళ్లు పోయారు."

"ఏమండీ, వాళ్లు రెండో చరణం పాడారా?"

"లేదు. మొదటిది అయ్యాక మూడోదే. అందుకేగా నువ్వున్నావనుకుంది!"

"సరిగ్గా విన్నారా?"

"ఆదివారం కోసం వారమంతా చెవులు అట్టిపెట్టుకుని కూర్చునేవాణ్ణి, సరిగ్గా వినకపోవడమేంటి? నువ్వు కాకపోతే అలా ఎవరు పాడతారే?"

"నా దగ్గర నేర్చుకున్నవాళ్లే పాడతారండీ. వాళ్లకి ఆ పాటలో రెండో చరణం ఉందనే తెలీదు."

"అయితే మన క్వయర్ వాళ్లేనా! నీతో మాట్లాడనివాళ్లే వచ్చి పాడారా!"

"ఏడవకండి. మీరేడిస్తే నేను ఆగలేను."

"నేను సరే అనకపోతే ఎప్పటికి బయటికొస్తానో తెలీదే."

"తెలీదండీ."

"ఇంకో కేసు కూడా పెడతారేమో."

"పెడతారు. పెట్టేవాళ్లే."

"టైమైపోయిందయ్యా, లేవండి. జైలరు గారికి ఏం చెప్పమంటావ్? సరే అనేనా?"

"ఆవిణ్ణే అడగండి."

"ఏమ్మా?"

"చెప్పండన్నా, సరే అనరని. గొంతు అందకపోయినా, ఈ ఆదివారం రెండో చరణం కూడా పాడతామని చెప్పండి."