ఉప్పునీళ్ళ పైపు

తోటపల్లి గూడూరు దగ్గర చెరువులో రొయ్యల పట్టుబడి సాగుతోంది. గట్టు మీద భర్త గుండె పట్టుకుని కూలబడ్డాడు. కారు తాళం భార్య చేతిలో ఉంది.

“రేవతీ, ఎడం చెయ్యంతా లాగేస్తా ఉంది. కారు తియ్యి.”

“చెమటలు కూడా పడతా ఉండాయే. గుండెపోటంటే ఇట్టానే ఉంటాదని డాక్టరు చెప్పింది ఇదేనేమో.”

“నిన్నటిదాకా బాగానే ఉన్నా గదే!”

“బాగున్నానని నువ్వనుకున్నావు. మన చెరువుకు నీళ్ళు తోడే ఉప్పునీళ్ళ పైపు లోపల గుల్లలు పట్టినట్టే, నీ రక్తనాళాల్లో కొవ్వు పడతా వచ్చింది. మొదట సన్నటి పొర, దాని మీద ఇంకోటి. ఏళ్ళ తరబడి పేరుకొని రాయైపోతాది. నీళ్ళు వస్తా ఉన్నన్నాళ్ళూ పైపు విప్పి చూసేదెవరు?”

“ఇప్పుడా పాఠం? నీకు దణ్ణం పెడతా, కదులు.”

“నీ చెరువుకు కాపలా ఉన్న మా నాయన కూడా పోయినేడు ఇక్కడే ఇట్టానే గుండె పట్టుకున్నాడు. ముసలోడి కోసం పట్టుబడి ఆపమంటావా అన్నావు.”

“ఐసు లారీ వచ్చి నిలబడి ఉండె. రొయ్య చెడిపోతే…”

“కారు తియ్యమని నీ కాళ్ళు పట్టుకున్నా. గ్యాసులే, సోడా తాపు అన్నావు. ఆఖరి వల గట్టెక్కేలోపల మా నాయన చల్లబడిపోయినాడు.”

“తప్పే. ఆ తాళమన్నా ఇయ్యి, ఎవరో ఒకరు తోలతారు.”

“ఎందుకయ్యా కంగారు? గ్యాసే అయ్యుంటాది. సోడా తెప్పిస్తా.”

“రేవతీ!”

“అరవబాక, కూలోళ్ళు చూస్తా ఉండారు. లారీ కూడా వచ్చేసింది. పట్టుబడి అయిపోనీ, పోదాం.”